అక్క దిద్దుకున్న మిద్దె లెక్క

మా ఎదురింటి అక్క మొన్న శుక్రవారం పొద్దున పోయింది. పాలు పోసే ఆమె మా గేటు దగ్గర నిలబడి, "సారూ, అక్కయ్య తలుపు తీయడంలే, ఒకసారి వచ్చి సూడు" అని పిలిచినప్పుడే నాకు సంగతి అర్థమైంది. పాలామె రాకముందే గిన్నె పట్టుకుని గడపలో కూర్చుని, "ఏందీ ఇంత ఆలస్యం" అని తగువు పెట్టుకునే మనిషి అక్క. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాను. మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే వెళ్ళిపోయిందని, బాధేమీ పడి ఉండదని డాక్టరు చెప్పాడు. సంతోషం. బాధంతా మాకు వదిలిపెట్టింది.

మర్నాడు పేపర్లో రెండు లైన్లు వేశారు. నంద్యాలలో రిటైర్డు సివిల్ లెక్చరరు కన్నుమూత, అంతే. చదవగానే నాకు ఒళ్ళు మండింది. పాపం, వాళ్ళకు అంతకంటే ఏం తెలుసు? నేను ఆమెతో ఒకే కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఇన్నేళ్ళు ఎదురెదురు వాకిళ్ళలో బతికినవాణ్ణి. అక్కతో పడ్డన్ని తగువులు నేను మా ఇంటావిడతో కూడా పడలేదు. ఆ రెండు లైన్ల కింద మిగిలింది రాయాల్సినవాణ్ణి నేనే అనిపించి కూర్చున్నాను.

అక్కది ఆళ్ళగడ్డ. వాళ్ళ నాయన అహోబిలం గుళ్ళో వంటశాల చూసేవారు. నేను నంద్యాలలో చర్చి బడి పంతులు కొడుకును. డెబ్బైల చివర్లో ఆమె తల్లిని వెంటబెట్టుకుని మా ఎదురింట్లో అద్దెకు దిగింది. నాది ఫిజిక్సు, ఆమెది సివిలు. నాకంటే కాస్త పెద్దది కాబట్టి మొదటిరోజే "అక్కా" అన్నాను. ఆమె "ఏమప్పా" అంది. ఆ తర్వాత మేమిద్దరం ఒకరి పేరు ఒకరం వాడిన గుర్తు లేదు. క్రిస్మసుకు మా ఇంట్లో కేకు కోస్తే, గుడ్డు పడదని ఆమె కోసం మా అమ్మ విడిగా రవ్వలడ్లు చుట్టేది. అహోబిలం నుంచి పులిహోర వస్తే సగం గిన్నె మా ఇంటికి దాటేది.

ఎక్కడికి పోయినా అక్క మొదట నేలను మడమతో ఒకసారి గట్టిగా తొక్కేది. పెళ్ళికి పిలిచినా అంతే, పరామర్శకు పోయినా అంతే. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. ఆమె గ్లాసు పక్కన పెట్టి, గోడను వేళ్ళ కణుపులతో తట్టి, "ఈడ లోపల బోలుగా ఉండాదమ్మా, ఎలకలు దూరినట్టుండాయి" అంది. ఇల్లు చూసి వంక పెట్టిందని మా అమ్మ అలిగింది. ఆ తర్వాత నిజంగానే ఆ గోడలోంచి ఎలక బయటపడితే, "ఆ పిల్లకు కళ్ళు చేతుల్లో ఉన్నాయిరా" అని వీధంతా చెప్పుకుంది.

ఆమె హైదరాబాదులో చదివి నేర్చుకొచ్చిన విద్య పేరు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. అప్పట్లో మా వైపు ఆ మాట విన్నవాళ్ళే తక్కువ. పిల్లలకు ఆమె ఇలా చెప్పేది: "పెద్ద మిద్దెను ఒక్కసారిగా లెక్కకట్టలేం. ముక్కలు చేసుకోవాల. ఒక్కో ముక్క ఎంత బిర్రుగా, వంగకుండా ఉండాది, ఎంత బరువుండాది రాసుకోవాల. మళ్ళీ అన్నీ అతికితే కాగితం మీద ఒక మిద్దె లేస్తాది. ఇంక దాన్ని ఊపి సూడు." కాగితం మిద్దె సెకనుకు ఇన్నిసార్లు ఊగుతుందని లెక్క చెబుతుంది. నిజం మిద్దె దగ్గరికి పోయి కొలిస్తే అది ఇంకో రకంగా ఊగుతుంది. అప్పుడు కొలతను బట్టి కాగితం మిద్దెను దిద్దుకోవాలి. అక్క జీవితమంతా చేసిన పని ఇదే.

నిజం మిద్దెను కొలిచే పని నాది. సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం అంటారు. ఆ మాట పలకడం అయ్యేలోగా ఊగేది ఆగిపోతుందని అక్క నవ్వేది. మేం ఊపు అనేవాళ్ళం. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట వేలాడే చిన్న డబ్బా ఒకటి, శ్రీశైలం డ్యాము పనుల్లో వాడి పక్కన పడేసినదాన్ని, తెలిసినాయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. దానికి తగిలించిన కలం, కదిలే కాగితం మీద అలలు గీసేది. ఇక మిద్దెను ఊపడానికి యంత్రం మాకెక్కడిది? నేనే యంత్రం. అప్పుడు బాగా ఒళ్ళున్న మనిషిని. మిద్దె నడిమధ్యన మునివేళ్ళ మీద లేచి, మడమల మీద ధబ్బున దిగాలి. "దుంకప్పా, నువ్వు తిన్న దోసెలు ఈపొద్దన్నా పనికిరానీ" అనేది. నాకు కోపం వచ్చేది. దుంకేవాణ్ణి.

లెక్క తేల్చే కంప్యూటరు హైదరాబాదులో ఉండేది. లెక్కను అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టించి, డబ్బాలో సర్దుకుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని అక్క రైలెక్కేది. దారిలో ఒక్క కార్డు వరస తప్పినా వారం పని బూడిదలో పోసినట్టే. తిరిగి వచ్చేటప్పుడు చారల కాగితాల కట్ట తెచ్చేది. పని అయిపోయిన కాగితాల మీద వాళ్ళ అమ్మ వడియాలు పెట్టేది. ఒకసారి మా ఇంటికి వచ్చిన వడియం మీద ఏడు అంకె తిరగేసి అచ్చుపడి ఉంది. "అది తినొద్దప్పా, ఆ ఏడు కోసమే మూడుదినాల నుంచి ఎతుకుతాండా" అంది అక్క ఏమాత్రం నవ్వకుండా. నేను నిజమే అనుకుని వడియం పళ్ళెంలో పక్కన పెట్టాను. ఆ కథ కాలేజీ స్టాఫ్‌రూములో చాలాకాలం నడిచింది.

కొలతకూ లెక్కకూ తేడా వచ్చిన ప్రతిసారీ మా ఇద్దరికీ యుద్ధమే. నా కొలత తప్పని ఆమె, ఆమె లెక్క తప్పని నేను. వీధిలో వాళ్ళు ఆస్తి తగాదా అనుకునేవారు. చివరికి ఆమె తలముడిలోంచి పెన్సిలు లాగి, "సరే, ఇద్దరం కొంచెం కొంచెం తప్పనుకుందాం పా, కాఫీ తాగు" అనేది. అది ఆమె రాజీ. నాకు మాత్రం నేను కొంచెం కూడా తప్పు కాననే ఉండేది, కాఫీ బాగుంటుందని ఊరుకునేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఆళ్ళగడ్డలో జరిగిన సంగతి చెప్పకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. ఊరి పెద్దలు కలిసి నడిపే ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి హైస్కూలు చదువుకునే పిల్లలు. అందరూ ఒకే పెద్ద హాలులో చదువుకుని, అక్కడే పడుకునేవారు. ఇనుప దూలాలు వేసి, వాటి మీద నాపబండలు పరిచి, పైన సున్నపు గచ్చు చేసిన పాత మిద్దె అది. పిల్లలు మిద్దెమీద తొక్కుడుబిళ్ళ ఆడితే కింద హాలులో లైటు ఊగేది. ఒకరోజు గచ్చు పెచ్చు ఊడి ఒక పిల్ల కంచంలో పడింది. వార్డెనమ్మ హడలిపోయింది. మిద్దె గట్టిదో కాదో తేల్చి చెప్పమని పెద్దలు అక్కను అడిగారు. సొంత ఊరు, కాదనలేదు. నన్నూ నా డబ్బానూ బస్సెక్కించింది.

దుంకాను. కొలిచాను. అక్క ఆ మిద్దె ప్లాను కాగితాలు తెచ్చుకుని, మిద్దెను ముక్కలుగా రాసి లెక్క వేసింది. కాగితం మిద్దె చకచకా ఊగుతోంది. నిజం మిద్దె బద్ధకంగా, నిండు గర్భిణిలా కదులుతోంది. తేడా చాలా ఎక్కువ. ఈసారి తగువు కూడా పడలేదు, కొలత అంత స్పష్టంగా ఉంది. ఒక కట్టడం అనుకున్నదానికంటే నిదానంగా ఊగిందంటే దానిలో బిర్రు తగ్గి ఉండాలి. అంటే దూలాలు తుప్పు తిని పలచబడి ఉండాలి. అక్క తన లెక్కలో దూలాల బలాన్ని తగ్గిస్తూ పోయింది. సగానికి దగ్గరగా దించేసరికి కాగితం మిద్దె, నిజం మిద్దె ఒకే ఊపుకు వచ్చి నిలిచాయి. అంత చక్కగా కుదరడం మేం అంతకుముందు చూడలేదు. నేను చప్పట్లు కొట్టాను కూడా.

"దూలాలు సగం పోయినాయి, పిల్లలను ఆ హాలులో పెట్టొద్దండి" అని అక్క పెద్దలకు చెప్పింది. అది పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్న కాలం. పిల్లలను ఉంచడానికి ఇంకో చోటు లేదు. వార్డెనమ్మ ఊళ్ళకు కబురు పంపింది. తండ్రులు ఒక్కొక్కరే వచ్చి ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని పిల్లలను తీసుకుపోవడం మొదలైంది. శనగ పీకే రోజులు, ఇంట్లో ఇంకో రెండు చేతులు దొరికితే కాదనేవాళ్ళు ఎవరు?

మేం సామాను సర్దుకోవడానికి ఆళ్ళగడ్డ పోయిన రోజు, పదో తరగతి పిల్ల ఒకతె అక్క దగ్గరికి వచ్చింది. ఉయ్యాలవాడ పిల్ల. రెండు జడలు, బిగించి కట్టిన రిబ్బన్లు. భయమూ భక్తీ ఏమీ లేవు.

"మేడం, మిద్దె ఎప్పుడు పడతాది?" అంది.

"అట్ల దినం చెప్పలేమమ్మా" అంది అక్క.

"మా పరీచ్చలు అయ్యేదాంకా పడకుండా లెక్క వేయండి మేడం. ఆ తర్వాత పడితే పడనీ."

నేను పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు. అరగంట తర్వాత ఆ పిల్ల నాయన వచ్చాడు, పెట్టె ఎత్తుకున్నాడు, ఇద్దరూ బస్టాండు వైపు పోయారు. పిల్ల రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మమ్మల్ని కాదు, హాలును.

నంద్యాల బస్సులో అక్క లెక్క కాగితాలు ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. కుందూ వంతెన మీద బస్సు పోయేటప్పుడు ఎప్పుడూ మాట ఆపి దాని ఊపును చెవి పెట్టి వినేది, ఆరోజు అది కూడా వినలేదు. మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో నిలబడి, "నీ కొలత తప్పప్పా" అంది. నాకు తిక్కరేగింది. "అక్కా, కావాలంటే నీ ఎదురుగా మళ్ళీ దుంకుతాను, మళ్ళీ అదే వస్తుంది. నీ పాటికి నువ్వు కుదిరిందని సంబరపడ్డావు కదా, ఇప్పుడేం పుట్టింది?" అన్నాను. ఆమె గడప మీద కూర్చుంది. "అదేనప్పా. కుదిరింది. ఎందుకు కుదిరిందో నాకు తెలియడంలే. సగం బలం పోయిన దూలం కిందికి వంగల్ల గదా? పెచ్చు రాలినకాడ తుప్పు కనపడల్ల గదా? నేను కాగితం మీద బలం దించినాను, కుదిరింది. ఇంకేం సూడలే" అంది.

ఆ మధ్యాహ్నం బస్సుకే ఆళ్ళగడ్డ పోయాం. అక్క దూలం ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టించింది. దూలం ఎక్కడా వంగలేదు. సున్నం గీకించి చూసింది. ఇనుము నిగనిగలాడుతోంది. నేను మళ్ళీ దుంకాను, మళ్ళీ అదే ఊపు. కొలత తప్పు కాదు, దూలాలు గట్టివి, మరి మిద్దె ఎందుకు అంత నిదానంగా కదులుతోంది? అక్క కాసేపు హాలు మధ్యలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయింది. "బిర్రు తగ్గినా నిదానమైతాది. బరువు పెరిగినా నిదానమైతాది. ఒక్క ఊపును చూసి ఏది మారిందో ఎట్ల చెప్తాం? నేను బిర్రును పట్టుకున్నా, బరువును వదిలేసినా" అంది.

దాన్ని తేల్చడానికి ఆమె చేసిన ఉపాయం ఇప్పటికీ నా క్లాసులో చెప్పినంత బాగా గుర్తుంది. హాస్టలు బియ్యం మూటలను మిద్దెమీదికి ఎక్కించి నడిమధ్యన పెట్టించింది. ముందు జాగ్రత్తగా కింద హాలు ఖాళీ చేయించి, సరుగుడు బాదులు నిలువుగా ఆసరా పెట్టించింది. కట్టడానికి తగలకుండా వేలెడు సందు వదిలి పెట్టించింది, పడితే పట్టుకోవడానికి. ఖాళీ బండిలో ఒక మనిషి ఎక్కితే ఎద్దుకు వెంటనే తెలుస్తుంది. నిండా మూటలున్న బండిలో అదే మనిషి ఎక్కితే ఎద్దు తల కూడా తిప్పదు. అట్లాగే, మిద్దె నిజంగా తేలికైనదైతే ఈ మూటలకు దాని ఊపు బాగా తగ్గాలి. ముందే ఎక్కడో బరువు మోస్తూ ఉంటే ఏదో కొంచెమే తగ్గాలి. నేను భయపడుతూ దుంకాను. కలం గీసిన అలలు చూస్తే ఊపు కొంచెమే తగ్గింది.

"బరువు!" అని అక్క ఎగిరినంత పని చేసింది. "ఈ మిద్దె నా కాగితంలో కంటే శానా బరువుండాదప్పా. ఆ బరువు యాడుంది?"

అలసిపోయి నేను పిట్టగోడ మీద కూర్చున్నాను. అక్క నన్ను చూసింది. నా కాళ్ళు చూసింది. నా పాదాలు నేల మీద హాయిగా ఆనుకుని ఉన్నాయి, మోకాళ్ళు పైకి లేచి ఉన్నాయి. "నువ్వు కూసున్న పిట్టగోడ నా కాగితంలో నడుమెత్తు ఉండాది" అంది మెల్లగా. గబగబా కిందికి పోయి గడ్డపార తెచ్చి తనే తవ్వడం మొదలుపెట్టింది. చౌడు. దాని కింద చౌడు. ఇంకా కింద చౌడు. అసలు గచ్చు ఎక్కడో పాతాళంలో ఉంది.

మా వైపు వాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. మట్టిమిద్దెలకు ఏటా వానలకు ముందు చౌడుమన్ను పోసి చదును చేయడం మా సీమలో అందరికీ అలవాటే, పోయకపోతే ఇల్లు కారుతుంది. ఈ మిద్దె మట్టిది కాదు, గచ్చుది. దీనికి చౌడు అక్కర్లేదు. కానీ మిద్దె అన్నాక చౌడు పోయాలి. ఏనాడో ఒకచోట కారిందని ఎవరో పోయించారు. మరుసటి ఏడు అలవాటుగా పోయించారు. వార్డెన్లు మారారు, పెద్దలు మారారు, చౌడు మాత్రం ఏటేటా పడుతూనే ఉంది. చేసినవాళ్ళకు తప్పనిపించలేదు, చూసినవాళ్ళకు వింతనిపించలేదు. ఆ చౌడు మీద దర్జాగా దుంకిన నాకూ అనిపించలేదు.

అక్క ఆ గుంత పక్కన మన్నులో చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మా నాయన ఏటా మా మిద్దెకు పోసేవాడప్పా. తట్టలు అందిచ్చింది నేనే. హైదరాబాదు పోయి ఇంత సదివొచ్చి, ఇనుము మీద నింద వేసినా సూడు!" నవ్వుతూనే ఉంది గానీ మొహం నల్లబడిపోయింది. తీసుకుపోయిన ఆ ట్రంకుపెట్టెలు గుర్తొచ్చి ఉంటాయి.

వారం తిరగకుండా చౌడంతా దించారు. గంపలు మోసినవాళ్ళలో అక్క కూడా ఉంది. మళ్ళీ దుంకాను. మిద్దె చకచకా ఊగింది. దూలాలకు వాటి బలం వాటికి తిరిగి ఇచ్చేసి, బరువును ఉన్నదున్నట్టు రాసి లెక్క వేస్తే కాగితం మిద్దె దాదాపు దగ్గరికి వచ్చింది. ఇంకా ఇసుమంత తేడా మిగిలింది. అది కూడా సరిచేద్దామా అన్నాను. "వద్దప్పా, ఉండనీ. కారణం తెలియకుండా దాన్ని కూడా సదిరితే మళ్ళీ మొదటికొస్తాం" అంది.

హాస్టలు కార్యదర్శి నూనెమిల్లు ఆసామి, పెద్దమనిషి. అక్క పరువు పోతుందని ఆయనకు బెంగ. "ఇట్ల చేయమ్మా. దూలాలు చెడినాయి, బాగుచేయించినాం, ఇంక భయం లేదని రాసియ్యి. నీ మాటా నిలుస్తాది, మాకూ నగుబాటు ఉండదు" అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో దురుద్దేశం లేదు. నాక్కూడా అది బాగానే ఉందనిపించింది. అక్క వినలేదు. "దూలాలు ఎప్పుడూ చెడలే. నా లెక్క చెడింది. అదే రాస్తా. రేపు ఎవరన్నా మళ్ళీ చౌడు పోస్తే ఏమైతాదో వాళ్ళకు తెలియల్ల గదా" అని, ముందు చెప్పింది తప్పని రాసి సంతకం పెట్టింది. ఊళ్ళో కొందరు నవ్వారు. లెక్కల మేడం లెక్క తప్పిందంట అని నంద్యాల దాకా వచ్చింది. నేను ఇద్దరు ముగ్గురితో కొట్లాడాను. ఆమె కొట్లాడలేదు.

కబురు అందుకుని పిల్లలు తిరిగొచ్చారు. ఉయ్యాలవాడ పిల్ల రాలేదు. "పడతాదని చెప్పిన ఆయమ్మే తప్పు చెప్పినానని అంటాందంట. ఒకసారి తప్పిన లెక్క ఇంకోసారి తప్పదా? మా బిడ్డను పంపం" అని వాళ్ళ నాయన చెప్పి పంపాడు. వార్డెనమ్మ ఆ మాట చెప్పినప్పుడు అక్క కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "పోదాం పా అప్పా" అంది. నేను ఎక్కడికని అడగలేదు.

ఉయ్యాలవాడ దగ్గర బస్సు దిగి నల్లరేగడి చేలలో నడిచాం. ఇంకా మంచు ఆరలేదు. శనగచేలో వరసగా వంగి పీకుతున్నారు. ఆ పిల్ల మమ్మల్ని ముందే చూసింది గానీ తల ఎత్తలేదు. వాళ్ళ నాయన గట్టు మీదికి వచ్చాడు.

"మీరే గదమ్మా మిద్దె పడతాదంటిరి" అన్నాడు.

"నేనేనన్నా. తప్పు చెప్పినా."

"ఇప్పుడు చెప్పేది ఒప్పని ఏంది నమ్మకం? రేపు ఇంకో లెక్క వేసి ఇంకోటి చెప్పరా?"

నేను అందుకోబోయాను, మూటల సంగతి, పిట్టగోడ సంగతి అన్నీ వివరించాలని. అక్క చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. గట్టు ఎక్కి ఆయన ఎదురుగా నిలబడింది. 

"చెప్తానేమోనన్నా. నాకు తెలిసినంత వరకు ఇప్పుడు చెప్పేది నిజం. మళ్ళీ తప్పని తెలిస్తే మళ్ళీ ఇట్లే నీ చేని గట్టుకొచ్చి చెప్తా. తెలిసి ఇంట్లో కూసోను. నా దగ్గర ఉండే నమ్మకం అంతే" అంది. చేలో వంగి ఉన్న పిల్ల వైపు చూసి, "పరీక్షలు అయ్యేదాంకా నేనూ ఆ హాలులోనే పండుకుంటా. నీ బిడ్డ పక్కన. నా తప్పుకు ఆ పిల్ల సదువు పోగూడదన్నా" అంది.  

ఆయన నా వైపు చూశాడు, చేను వైపు చూశాడు, కండువా తీసి భుజం మార్చుకున్నాడు. "మేయ్," అని కేకేశాడు. పిల్ల అప్పుడు తల ఎత్తింది. "పో. పొయ్యి పెట్టె సదురుకో" అన్నాడు.

ఆ పిల్ల అడ్డం పడి పరుగెత్తింది. మేం బస్సు ఆగే చోటికి చేరేలోపలే పెట్టెతో వచ్చేసింది. చేతులు కూడా సరిగ్గా కడుక్కోలేదు. పచ్చి శనగ పీకితే ఆకు పులుపు చేతులకు పట్టి మంట పుడుతుంది. ఆ పులుపు వాసన బస్సంతా కొట్టింది. అక్క తన చెంగు నీళ్ళతో తడిపి ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. కోవెలకుంట్ల దాటకముందే పిల్ల అక్క భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పొద్దు పొడవకముందు నుంచీ చేలో ఉండి ఉంటుంది.

ఆ రోడ్డు సంగతి ఆ రోజుల్లో తిరిగినవాళ్ళకు తెలుసు. గుంతల్లో పడి లేస్తుంటే కిటికీలు, సీట్లు, పైన సామాను అన్నీ గడగడమంటున్నాయి. ఎదుటి సీట్లో నేను రెండు చేతులా కమ్మీ పట్టుకుని ఊగిపోతున్నాను. అక్క రెండు పాదాలు నేలకు తన్నిపట్టి, ఒక చేత్తో ముందు సీటును బిగించి పట్టుకుని, పిల్ల తల ఉన్న భుజాన్ని ఆళ్ళగడ్డ వచ్చేదాకా కదలనివ్వలేదు.